లండన్ అడుగుతుంది, వాషింగ్టన్ చెబుతుంది

2019 సెప్టెంబరు 24, మంగళవారం. లండన్‌లో ఉదయం పదిన్నరకు బ్రిటన్ సుప్రీంకోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్ తీర్పు చదివి వినిపించారు. పార్లమెంటును ఐదు వారాల పాటు మూసేయమని ప్రధాని బోరిస్ జాన్సన్ రాణికి ఇచ్చిన సలహా చట్టవిరుద్ధమని 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. ఆ సమయానికి జాన్సన్ లండన్‌లో లేరు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశాల కోసం న్యూయార్క్ వెళ్లారు. అదే నగరంలో, అదే వేదిక మీద ఆ ఉదయం డొనాల్డ్ ట్రంప్ ప్రసంగించారు. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో, అంటే లండన్‌లో రాత్రి పది అయ్యేసరికి, ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ కెమెరాల ముందుకొచ్చి ట్రంప్ మీద అభిశంసన విచారణ మొదలవుతున్నట్టు ప్రకటించారు. ప్రభుత్వాధినేత తన అధికారాన్ని ఎంతవరకు వాడుకోవచ్చన్న ప్రశ్న ఒకే రోజు రెండు దేశాల్లోనూ తేలాల్సిన పరిస్థితి వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని కోర్టు తేల్చింది, అమెరికాలో చట్టసభ చేతిలోకి తీసుకుంది.

ఈ రెండు వార్తలకూ మధ్యలో పడే టీవీ స్లాట్ ఒకటి అప్పట్లో ఉండేది. లండన్‌లో రాత్రి ఏడు, వాషింగ్టన్‌లో మధ్యాహ్నం రెండు. సోమవారం నుంచి గురువారం దాకా ఆ వేళకు బీబీసీలో 'బియాండ్ 100 డేస్' అనే కార్యక్రమం వచ్చేది. లండన్ స్టూడియోలో క్రిస్టియన్ ఫ్రేజర్, వాషింగ్టన్ స్టూడియోలో క్యాటీ కే కూర్చునేవారు. యాంకర్ ఒక ఊళ్లో ఉండి, రెండో ఊళ్లో ఉన్న మనిషిని 'మా ప్రతినిధి లైన్‌లో ఉన్నారు' అని రెండు నిమిషాలు పిలిచి వదిలేసే పద్ధతి అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ తేడా లేదు. ఇద్దరూ యాంకర్లే, బులెటిన్ ఇద్దరిదీ. హెడ్‌లైన్స్ ఇద్దరూ పంచుకుంటారు, అతిథుల్ని ఇద్దరూ ప్రశ్నిస్తారు, ఒకరి దేశం గురించి ఇంకొకరు నేరుగా అడుగుతారు.

మొదట దీన్ని ఇంతకాలం నడపాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. 2017 జనవరిలో ట్రంప్ పదవి చేపట్టే వేళకు '100 డేస్' పేరుతో మొదలైంది. అమెరికాలో కొత్త అధ్యక్షుడిని తొలి వంద రోజుల పనితీరుతో కొలవడం 1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలం నుంచీ ఉన్న అలవాటు. ఆ వంద రోజులు ఏప్రిల్ 29తో అయిపోయాయి. వార్తలు మాత్రం ఆగలేదు. మార్చి 29న బ్రిటన్ ఆర్టికల్ 50ని ప్రయోగించి యూరోపియన్ యూనియన్ నుంచి బయటికెళ్లే రెండేళ్ల గడియారాన్ని తిప్పింది. మే 9న ట్రంప్ ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీని తీసేశారు. 2016 ఎన్నికల్లో రష్యా జోక్యం మీద మే 17న రాబర్ట్ ముల్లర్‌ను ప్రత్యేక విచారణాధికారిగా నియమించారు. జూన్ 8న జరిగిన మధ్యంతర ఎన్నికల్లో బ్రిటన్ ప్రధాని థెరెసా మే మెజారిటీ పోగొట్టుకున్నారు. కార్యక్రమం పేరు ముందు '100 డేస్ ప్లస్' అయింది, అదే ఏడాది 'బియాండ్ 100 డేస్'గా స్థిరపడింది.

అమెరికా వార్తల్ని బ్రిటిష్ వాళ్లు చెప్పడం అంతకుముందూ ఉంది. బీబీసీయే 2007 అక్టోబరులో వాషింగ్టన్ నుంచి 'వరల్డ్ న్యూస్ అమెరికా' అనే బులెటిన్ మొదలుపెట్టింది. అయితే అది ఒక ఊరి నుంచి నడిచే కార్యక్రమం. రెండు ఊళ్ల నుంచి నడిపితే ఏం మారుతుందో అర్థం కావాలంటే 2019 జనవరి 15ను దగ్గరగా చూడాలి.

ఆ రోజు రాత్రి ఏడు దాటాక బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో థెరెసా మే బ్రెగ్జిట్ ఒప్పందం మీద ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 202, వ్యతిరేకంగా 432. తేడా 230 ఓట్లు. ఆధునిక కాలంలో ఏ బ్రిటిష్ ప్రభుత్వమూ సభలో అంత ఘోరంగా ఓడలేదు. సొంత పార్టీ ఎంపీలే 118 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అదే రోజు వాషింగ్టన్‌లో ఫెడరల్ ప్రభుత్వం మూతపడి 25వ రోజు. మెక్సికో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలని ట్రంప్ పట్టుబట్టారు, కాంగ్రెస్ ఇవ్వనంది, ఎనిమిది లక్షల మంది ఉద్యోగులకు జీతాలు ఆగిపోయాయి. కొందరిని ఇళ్లకు పంపారు, మిగతావాళ్లు జీతం లేకుండానే డ్యూటీకి వస్తున్నారు. విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే సిబ్బందిదీ అదే గతి.

బ్రిటన్‌లో పుట్టి పెరిగిన ప్రేక్షకుడికి అమెరికా షట్‌డౌన్ ఓ పట్టాన అర్థం కాదు. బడ్జెట్ పాస్ చేయించుకోలేని ప్రభుత్వం పడిపోవాలి కదా, అధ్యక్షుడు కుర్చీలోనే ఉండి ఆఫీసులు మూతపడటమేమిటి? మనకూ ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది, ఎందుకంటే మనదీ వెస్ట్‌మిన్‌స్టర్ పద్ధతే. మన లోక్‌సభలో ద్రవ్య బిల్లు ఓడితే ప్రభుత్వం దిగిపోవాల్సిందే. అమెరికాలో అధ్యక్షుడినీ కాంగ్రెస్‌నూ ప్రజలు విడివిడిగా ఎన్నుకుంటారు. అభిశంసన లాంటి అరుదైన దారి తప్ప ఒకరిని ఒకరు దించలేరు కాబట్టి, పంతం వస్తే మధ్యలో ఖజానాకు తాళం పడుతుంది. సముద్రానికి అవతల కూర్చున్న అమెరికన్‌కు బ్రిటన్ గురించి ఇలాంటి సందేహమే. 230 ఓట్లతో ఓడిపోయిన ప్రధాని మర్నాడు కూడా ప్రధానిగా ఎలా ఉన్నారు? ఉన్నారు మరి. జనవరి 16న అవిశ్వాస తీర్మానం పెడితే 325-306తో గట్టెక్కారు. ఒప్పందాన్ని చీల్చి చెండాడిన సొంత పార్టీ వాళ్లే మర్నాడు ప్రభుత్వాన్ని కాపాడారు. 2011లో తెచ్చి 2022లో రద్దు చేసిన నిర్ణీతకాల పార్లమెంటు చట్టం అప్పుడు అమల్లో ఉంది. దాని ప్రకారం ఏ బిల్లు ఓడినా ప్రభుత్వం దానంతట అది కూలేది కాదు, ప్రత్యేకంగా అవిశ్వాసం నెగ్గాల్సి ఉండేది.

ఈ రెండు ప్రశ్నలూ స్వదేశీ బులెటిన్లో ఎవరూ అడగరు. వాషింగ్టన్ విలేకరికి షట్‌డౌన్ కొత్త కాదు, లండన్ విలేకరికి కామన్స్ నియమాలు కంఠతా వచ్చు. తెలిసిన విషయం అడగడానికి మొహమాటం, చెప్పడానికి టైం లేదు. అందుకే రోజువారీ రాజకీయ వార్తలు ఎవరు ఎవరిని తిట్టారు, ఎవరికి ఎన్ని ఓట్లు అనే దగ్గరే తిరుగుతుంటాయి. అవతలి యాంకర్ బయటి మనిషి అయ్యేసరికి ఆ సౌకర్యం పోతుంది. ఎందుకు అని అడుగుతారు. చెప్పేవాళ్లు మొదటి నుంచి చెప్పాలి. అలా చెప్పేటప్పుడు సొంత దేశపు ప్రేక్షకుడికి కూడా తనకు తెలుసనుకున్నది నిజంగా తెలుస్తుంది. ఈ తరహా కార్యక్రమం విలువంతా ఇక్కడే ఉంది. రెండు స్టూడియోలూ పెద్ద తెరలూ దాని తర్వాతే.

వేళ కుదరడం కూడా చిన్న విషయం కాదు. కామన్స్ సభలో మంగళ, బుధవారాల్లో ప్రధాన చర్చ ముగిసే సమయం రాత్రి ఏడు. కీలకమైన ఓటింగులు చాలావరకు ఆ తర్వాతే పడతాయి. వాషింగ్టన్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండు కాబట్టి వైట్‌హౌస్, కాంగ్రెస్ రెండూ పనిలో ఉంటాయి. లండన్ వార్త ముగింపుకొస్తుంటే వాషింగ్టన్ వార్త ఊపందుకుంటుంది. హైదరాబాద్‌లో అప్పుడు వేసవిలో అయితే రాత్రి పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. ఏడాదిలో కొన్ని వారాలు ఈ లెక్క కూడా తప్పుతుంది. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరిపితే బ్రిటన్ చివరి ఆదివారం దాకా ఆగుతుంది. ఆ మధ్యలో రెండు రాజధానుల తేడా ఐదు గంటల నుంచి నాలుగుకు తగ్గుతుంది. బులెటిన్ నడిపేవాళ్లకు అతిథుల్ని పిలవడం దగ్గర్నుంచి లైవ్ లైన్లు బుక్ చేయడం దాకా అన్నీ ఓ గంట పక్కకు జరపాల్సిన టెన్షన్.

అట్లాంటిక్‌కు రెండు వైపుల నుంచి ఒకే వేళ ఒకే బొమ్మ చూపించాలన్న కోరిక పాతది. 1953 జూన్ 2న రెండో ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని బ్రిటన్ ప్రజలు లైవ్‌లో చూశారు. ఉత్తర అమెరికా వాళ్ల కోసం ఫిల్ము రీళ్లను వాయుసేన క్యాన్‌బెరా జెట్లలో ఎక్కించి కెనడాకు మోసుకెళ్లాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత 1962 జులై 10న టెల్‌స్టార్ ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. జులై 23న ప్రజలందరి కోసం చేసిన తొలి లైవ్ టీవీ ప్రసారం సముద్రం దాటింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని ఆండోవర్, ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని గూన్‌హిల్లీ, ఫ్రాన్స్‌లో బ్రిటనీలోని ప్లుమర్ బోదు సిగ్నల్ పంపే, అందుకునే కేంద్రాలు. న్యూయార్క్‌లో సీబీఎస్ నుంచి వాల్టర్ క్రాంకైట్, ఎన్‌బీసీ నుంచి చెట్ హంట్లీ, బ్రస్సెల్స్‌లో బీబీసీ తరఫున రిచర్డ్ డింబుల్‌బీ యాంకర్లుగా కూర్చున్నారు. టెల్‌స్టార్ భూమి చుట్టూ వేగంగా తిరిగేది కాబట్టి రెండు ఖండాలకూ ఒకేసారి కనిపించేది సుమారు 20 నిమిషాలే. అధ్యక్షుడు కెనడీ ప్రెస్ కాన్ఫరెన్సుతో మొదలుపెట్టాలనుకున్నారు. సిగ్నల్ అనుకున్నదానికంటే ముందే దొరికింది, కెనడీ ఇంకా సిద్ధంగా లేరు. దాంతో షికాగోలో జరుగుతున్న బేస్‌బాల్ మ్యాచ్ చూపించారు. యూరప్ లైవ్‌లో చూసిన తొలి అమెరికా దృశ్యాల్లో ఆ ఆట ఒకటి. తర్వాత వచ్చిన కెనడీ డాలర్ విలువ తగ్గించబోమని చెప్పారు. అమెరికాలో చెప్పిన మాటను యూరప్ మార్కెట్లు అదే నిమిషంలో టీవీలో చూడటం అప్పుడే మొదలైంది.

1965 ఏప్రిల్‌లో 'ఎర్లీ బర్డ్' ఉపగ్రహం రావడంతో 20 నిమిషాల బాధ తప్పింది. అది భూమితో పాటే తిరుగుతూ అట్లాంటిక్ మీద ఒకేచోట నిలబడినట్టు ఉండేది. దాని సామర్థ్యం 240 ఫోన్ లైన్లు లేదా ఒక్క టీవీ చానల్. అంటే టీవీ వెళ్తుంటే ఫోన్లు ఆపుకోవాల్సిందే. 1967 మే 15న సీబీఎస్ ఈ ఉపగ్రహ యుగంలోనే ఒక గంట కార్యక్రమం చేసింది. న్యూయార్క్ సెనెటర్ రాబర్ట్ కెనడీ, కాలిఫోర్నియా గవర్నర్ రోనాల్డ్ రీగన్ అమెరికాలో ఉన్నారు. ప్రశ్నలు వేసింది లండన్‌లో కూర్చున్న వివిధ దేశాల విద్యార్థులు. విషయం వియత్నాం యుద్ధం. ఆ ఇద్దరు నాయకులూ తమ దేశంలో అంతగా ఎదురుకాని సూటి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. రీగన్ ఆ రోజు తడబడకుండా మాట్లాడి పేరు తెచ్చుకున్నారు. విద్యార్థుల ప్రశ్నల్లో పదును ఉండటానికి కారణం, వాళ్లకు అమెరికా పార్టీల మర్యాదలతో పనిలేకపోవడమే.

సాంకేతికంగా ఈ పని ఇప్పుడు చాలా తేలికైంది కానీ, తెర మీద కనిపించినంత తేలిక మాత్రం కాదు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట పైకెళ్లి కిందికి రావడానికి పావు సెకను, జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు సెకను. అర సెకను అంటే కాగితం మీద ఏమీ కాదు. ఇద్దరు మనుషుల సంభాషణలో మాత్రం అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకరు ఆపారనుకుని ఇంకొకరు అందుకుంటారు, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి, ఇద్దరూ ఆగిపోతారు, మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుల్‌లో ఈ ఆలస్యం బాగా తగ్గింది, వీడియోను కుదించి విప్పే పరికరాలు మాత్రం కొంత కలుపుతాయి. అందుకే ఇద్దరు యాంకర్ల బులెటిన్‌లో వాక్యాన్ని ముగించడం ఒక నేర్పు. ప్రశ్న చివర పేరు పెట్టి పిలిస్తే 'ఇక నీ వంతు' అని అవతలి మనిషికి అర్థమవుతుంది. తెర రెండు గడులుగా చీలి ఇద్దరి ముఖాలూ ఉన్నప్పుడు, మాట్లాడనివాళ్లు కూడా వింటున్నట్టు కనిపించాలి. చెవిలో ఇయర్‌పీస్ నుంచి ప్రొడ్యూసర్ ఇంకెన్ని సెకన్లుందో చెబుతుంటారు. తెలుగు చానళ్ల పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో) పనిచేసినవాళ్లకు ఇదంతా పరిచయమే. హైదరాబాద్ స్టూడియో, ఢిల్లీ స్టూడియో కలిపి డిబేట్ నడిపేటప్పుడు పడే పాట్లే అవి.

యంత్రాల కంటే గట్టి తేడా రెండు దేశాల ప్రసార నియమాల్లో ఉంది. బ్రిటన్‌లో టీవీ వార్తలు నిష్పాక్షికంగా ఉండి తీరాలన్నది చట్టం. ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ దాన్ని అమలు చేస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి బీబీసీ కూడా దాని పరిధిలోకి వచ్చింది. టీవీలో డబ్బు తీసుకుని రాజకీయ ప్రకటనలు వేయడం అక్కడ నిషిద్ధం. అమెరికాలో 1949 నుంచి 'ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్' అనే నియమం ఉండేది. వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలని అది చెప్పేది. 1987లో దాన్ని ఎత్తేశారు. అయినా ఆ నియమం గాలి తరంగాల లైసెన్సు ఉన్న స్టేషన్లకే వర్తించేది, కేబుల్ చానళ్లకు ఎప్పుడూ లేదు. 1996లో ఫాక్స్ న్యూస్, ఎంఎస్‌ఎన్‌బీసీ వచ్చాక ఏ పార్టీ ఇంట్లో ఏ చానల్ నడుస్తుందో చెప్పగలిగే పరిస్థితి వచ్చింది. అలాంటి చోట వాషింగ్టన్‌లో కూర్చుని బ్రిటిష్ నియమాల ప్రకారం బులెటిన్ చేస్తే, అమెరికా ప్రేక్షకుడికి అది అలవాటు లేని పద్ధతి. రిపబ్లికన్ అతిథిని, డెమొక్రాట్ అతిథిని ఒకే రకంగా నిలదీయడం అక్కడ కేబుల్ ప్రైమ్‌టైమ్‌లో అరుదు. అమెరికాలో బీబీసీ వార్తలు ప్రజా ప్రసార వ్యవస్థ పీబీఎస్ స్టేషన్ల ద్వారా ఇళ్లకు చేరడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇంత మంచి ఏర్పాటులోనూ పెద్ద లోటు ఒకటుంది. రెండు రాజధానులు ఎదురెదురుగా కూర్చుంటే ఒకదానికొకటే కనిపిస్తాయి. ప్రపంచ వ్యవహారాలు అనే పేరు కింద వచ్చేవి ఆ ఇద్దరికీ సంబంధించినంత మేరకే వస్తాయి. 2017 ఏప్రిల్ 18 ఇందుకు ఉదాహరణ. ఆ ఉదయం థెరెసా మే డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని నివాసం బయటికొచ్చి మధ్యంతర ఎన్నికలు ప్రకటించారు. అదే రోజు విస్కాన్సిన్‌లోని కెనోషాలో ఒక పనిముట్ల ఫ్యాక్టరీలో ట్రంప్ 'బై అమెరికన్, హైర్ అమెరికన్' ఉత్తర్వు మీద సంతకం చేశారు. లండన్‌కు ఏది మొదటి వార్తో వేరే చెప్పనక్కర్లేదు, అందులో తప్పు కూడా లేదు. అమీర్‌పేటలో, విజయవాడలో, గుంటూరులో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లకు మాత్రం ఆ రోజు వార్త కెనోషాదే. హెచ్-1బీ వీసాల పరిశీలన బిగించడానికి ఆ ఉత్తర్వే ఆధారమైంది. తర్వాతి రెండేళ్లలో అదనపు పత్రాలు అడగడం, దరఖాస్తులు తిరస్కరించడం బాగా పెరిగాయి. కొత్త వీసాల కోటా ఏటా 65 వేలు, అమెరికాలో పైచదువు చదివినవాళ్లకు మరో 20 వేలు. పొడిగింపులూ కలిపి మొత్తం హెచ్-1బీ ఆమోదాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. ఆ భారతీయుల్లో తెలుగువాళ్ల వాటా ఎంతుందో ఏ తెలుగు ఊళ్లో అడిగినా తెలుస్తుంది.

అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి 22 రాత్రి, కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతాలో ఒక బార్‌లో కాల్పులు జరిగాయి. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు చనిపోయాడు, అతని స్నేహితుడు గాయపడ్డాడు. కాల్చినవాడు వాళ్లను ఇరాన్ దేశస్థులనుకున్నాడు, మా దేశం నుంచి వెళ్లిపొండని అరిచాడు. ఏడు ముస్లిం మెజారిటీ దేశాల వాళ్ల రాకను ఆపుతూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఫిబ్రవరి 28న కాంగ్రెస్ ఉమ్మడి సభలో చేసిన ప్రసంగం మొదట్లో ట్రంప్ ఆ కాల్పులను ఖండించారు. వాషింగ్టన్ విలేకరికి ఇది ద్వేష నేరాల వార్త. లండన్‌కు ట్రంప్ వలస విధానం మీద చర్చలో ఒక ఘటన. హైదరాబాద్‌లో ఆ కుటుంబం ఇంటి ముందు గుమిగూడిన జనానికి అది ఇంకో వార్త. పిల్లల్ని పంపాలా వద్దా, పంపినవాళ్లను వెనక్కి పిలవాలా అన్న వార్త. రెండు రాజధానుల బులెటిన్‌లో ఈ మూడో కోణానికి కుర్చీ ఉండదు. అతిథిగా రెండు నిమిషాలు పిలిచినా, ప్రశ్నలు వేసే చోట ఆ మనిషి ఉండరు.

మరి తెలుగు టీవీ ఆ కుర్చీ వేసుకుందా? అమెరికా వార్తలకు తెలుగు చానళ్లు చాలా టైం ఇస్తాయి. ప్రమాదంలో చనిపోయిన విద్యార్థి, తానా, ఆటా మహాసభలు, అక్కడి ఊళ్లలో బతుకమ్మ, మన రాజకీయ నాయకుల పర్యటనలు, వీసా వచ్చిందా రాలేదా. ఇవన్నీ అవసరమైనవే, జనం చూసేవే. అయితే అక్కడి వ్యవస్థ ఎలా పనిచేస్తుందో అడిగి చెప్పించే కార్యక్రమం మాత్రం దాదాపు కనిపించదు. 2017 అక్టోబరు 2న బీబీసీ తెలుగు సేవ మొదలైంది, గుజరాతీ, మరాఠీ, పంజాబీలతో పాటు. తెలుగులో వివరించి చెప్పే వ్యాసాలు, వీడియోలు బాగా పెరగడానికి అది తోడ్పడింది. 2024 ఏప్రిల్ నుంచి ఆ భాషల వార్తల్ని భారతీయ ఉద్యోగులు పెట్టుకున్న కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే సంస్థ తయారుచేస్తోంది. అది మంచి పనే. అయినా ఒక వ్యాసం చదవడం వేరు, ఇక్కడి మనిషి అక్కడి మనిషిని ముఖాముఖి అడగడం వేరు. జవాబు సరిపోకపోతే మళ్లీ అడగొచ్చు కదా.

'బియాండ్ 100 డేస్' 2020లో ఆగిపోయింది. కరోనాతో చానళ్లన్నీ బులెటిన్లు కుదించుకున్న కాలం అది. 2023 ఏప్రిల్‌లో బీబీసీ తన దేశీయ వార్తా చానల్‌నూ అంతర్జాతీయ చానల్‌నూ కలిపేసింది. ఖర్చు తగ్గించే ఆ నిర్ణయంతో పేరున్న యాంకర్లు కొందరు బయటికెళ్లారు. అట్లాంటిక్ సంభాషణ మాత్రం ఆగలేదు, పాడ్‌కాస్టుల్లోకి మారింది. బీబీసీకే 'అమెరికాస్ట్' ఉంది. ట్రంప్ దగ్గర 2017లో కొద్ది రోజులు కమ్యూనికేషన్స్ డైరెక్టర్‌గా పనిచేసిన ఆంథొనీ స్కారముచ్చీతో కలిసి క్యాటీ కే 2024 నుంచి అమెరికా రాజకీయాల మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నారు. గంటసేపు తీరిగ్గా మాట్లాడుకునే వీలుంది, అర సెకను బాధ లేదు, విన్నవాళ్లకు బోలెడంత సమాచారం. పోయినవి కూడా ఉన్నాయి. పాడ్‌కాస్ట్ వెతుక్కుని వినేవాళ్లకే చేరుతుంది. రాత్రి ఏడింటికి టీవీ పెట్టినవాడికి అనుకోకుండా ఎదురయ్యే వార్త వేరు. పైగా టీవీ మీద ఉన్న నిష్పాక్షికత నియమం బీబీసీ బయట చేసే పాడ్‌కాస్ట్‌కు వర్తించదు. మాట్లాడే ఇద్దరికీ ముందే అభిప్రాయాలు కలిస్తే అవతలివైపు నుంచి వచ్చే ప్రశ్న అనేదే ఉండదు.

అవతలి దేశం గురించి చెప్పేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో బీబీసీకి 2025లో తెలిసొచ్చింది. అమెరికా కాంగ్రెస్ భవనం మీద దాడి జరిగిన 2021 జనవరి 6న ట్రంప్ చేసిన ప్రసంగంలో దాదాపు గంట దూరంలో ఉన్న రెండు ముక్కలను ఒకే మాటలా అతికించి 'పనోరమా' డాక్యుమెంటరీలో చూపించారు. ఆ విషయం బయటపడి నవంబరు 9న డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, వార్తల విభాగం అధిపతి డెబోరా టర్నెస్ రాజీనామా చేశారు. టర్నెస్ అంతకుముందు అమెరికాలో ఎన్‌బీసీ న్యూస్ నడిపిన మనిషి, రెండు వైపులా తెలిసినవారు. ఆ కోత వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. మొత్తం ప్రసంగం అందుబాటులో ఉండగా అతికించాల్సిన అవసరమే లేదు. వాషింగ్టన్‌లో లైవ్‌లో కూర్చున్న యాంకర్ ఎదురుగా ఉంటే లండన్‌లో ఎవరూ అలాంటి ముక్క చూపించి ఊరుకోలేరు, 'ఆగండి, మధ్యలో ఇంకా చాలా మాట్లాడారు' అనే మాట అవతలి నుంచి వచ్చేది.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలంటూ ట్రంప్ ప్రకటన మీద సంతకం చేశారు. హైదరాబాద్‌లో అప్పటికి శనివారం తెల్లవారుజాము. పక్కనే నిలబడ్డ వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ దాన్ని ఏటా కట్టాల్సిన మొత్తంగా చెప్పారు. ఆదివారం అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి అమలు. మన లెక్కలో ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. వీసా ఉండి సెలవు మీద ఇంటికొచ్చినవాళ్లు వెనక్కి వెళ్లాలా, వెళ్తే ఎయిర్‌పోర్టులో ఆపుతారా, పాత వీసాల సంగతేమిటి? పెద్ద టెక్ కంపెనీలు ఉద్యోగులకు గడువులోగా వచ్చేయమని మెయిళ్లు పంపాయి. అమెరికాలో విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు దిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇది కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదన్న వివరణ వైట్‌హౌస్ నుంచి శనివారం వచ్చింది. ఆ మధ్య గంటల్లో తెలుగు చానళ్ల తెరల మీద స్క్రోలింగులు పరుగెత్తాయి, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తోచింది వాళ్లు రాశారు. అప్పుడు కావాల్సింది హైదరాబాద్‌లో ఒక యాంకర్, డాలస్‌లోనో వాషింగ్టన్‌లోనో ఒక యాంకర్. ఆ ప్రకటన పాఠాన్ని తెర మీద పెట్టి ఇక్కడివాళ్లు ఒక్కో పేరా చదివి అడగాలి. ఇది చట్టమా, అధ్యక్షుడి ప్రకటనేనా? కాంగ్రెస్ ఒప్పుకోవాలా? కోర్టు ఆపగలదా? 'ప్రవేశం' అంటే కొత్తగా వచ్చేవాళ్లా, తిరిగొచ్చేవాళ్లా? అక్కడివాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదని చెప్పాలి. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో ఉదయం పదిన్నర, ఇద్దరికీ అనువైన వేళే. లైన్లున్నాయి, స్టూడియోలున్నాయి, రెండు చోట్లా తెలుగు మాట్లాడే జర్నలిస్టులున్నారు.